ఇద్దరు షాంగ్‌ల నడుమ ఒక బంతి

రండి, దగ్గరికి జరగండి. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు విరిగింది. ఇదిగో, ఈ చాప మీద కూర్చోండి. మంచు పడే రోజున చెప్పే కథ దూరం నుంచి వింటే సగం గాలికే పోతుంది.

పోయినసారి ఎక్కడ ఆపాను? నా కొడుకు కూతురు పాన్యాని మూడు వందల మంది ఆడపిల్లల్లోంచి ఏరి సినిమాకి తీసుకున్నారని చెప్పాను. యుద్ధం తరిమితే లావోస్ కొండల నుంచి అమెరికా వచ్చిన మా మోంగ్ జనం మీద ప్రేమకథ. నాయికా మోంగ్ పిల్లే, నాయకుడూ మోంగ్ పిల్లవాడే. ఇలాంటిది మా ఊరు సెయింట్ పాల్‌లో కాదు కదా, ఎక్కడా జరగలేదు. ఇదివరకు ఒక సినిమాలో మోంగ్ ఇల్లని చూపిస్తే గోడ నిండా బంగారు డ్రాగన్లు, ఎర్ర లాంతర్లు. మా ఇంట్లో చైనా హోటలు ఎప్పుడు పెట్టారో మాకే తెలియదు! అందుకే ఈసారి పాన్యా పావడా నేనే కుట్టాను. అయిదు వందల కుచ్చులు. నాలుగు నెలలు పట్టింది, వేళ్ళు ఇప్పటికీ సలుపుతాయి.

ఇంకో మాట కూడా చెప్పాను, మీరు మరిచినా నేను మరవను. థాయిలాండ్ శరణార్థుల క్యాంపు నుంచి నేను మా ఆయన కుటుంబం జాబితాలో చేరి అమెరికా విమానం ఎక్కాను. మా అన్న నన్ను బస్సెక్కించి వెనక ఉండిపోయాడు. తర్వాత ఈ దేశంలో మువా ఇంటిపేరు వాళ్ళెవరు కనిపించినా మా అన్న తెలుసా అని అడిగాను. ఒక్కరికీ తెలియదు. నా ఇంటిపేరు మువా. మాలో ఆడది ఏ ఇంటికి కోడలుగా వెళ్ళినా పుట్టింటి పేరు వదలదు. మా ఆయనది షాంగ్, నా కొడుకుది షాంగ్, పాన్యాదీ షాంగ్. నేను మాత్రం చచ్చేదాకా బ్లియా మువానే.

ఇక ఆ రోజు సంగతి. కొత్త సంవత్సరం పండగ మేం చేసుకునే పెద్ద హాలులోనే షూటింగు పెట్టారు. గుంపులో నిలబడటానికి మా ముసలివాళ్ళని నలభై మందిని పిలిచారు. వెండి హారాలు, తలపాగాలు, నడికట్ల నిండా నాణాలు. ఎవరు తుమ్మినా హాలంతా గలగల. తీయాల్సింది బంతుల ఆట. మా పండగలో మగపిల్లలు ఒక వరస, ఆడపిల్లలు ఎదురు వరస నిలబడి బంతి విసురుకుంటారు. నచ్చినవాళ్ళకే విసురుతారు. బంతి జారవిడిచినవాళ్ళు పాట పాడాలి. సగం పెళ్ళిళ్ళు అక్కడే కుదురుతాయి.

దర్శకురాలు లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన కొరియా పిల్ల, పేరు హేజిన్. గుడ్డతో కుట్టిన పాతకాలపు బంతులు పెట్టెడు తెప్పించి పెట్టింది. మావాళ్ళేమో అలవాటు కొద్దీ సంచుల్లోంచి టెన్నిస్ బంతులు తీశారు.

"ఇవేంటి?" అంది హేజిన్ తెల్లబోయి.

"ఇప్పుడు మేం వీటితోనే ఆడతామమ్మా. గుడ్డ బంతి నానితే బరువెక్కుతుంది," అంది నా స్నేహితురాలు చూ వాంగ్. "మమ్మల్ని ఉన్నట్టు చూపిస్తానన్నావుగా. మేం ఉన్నది ఇలాగే."

హేజిన్ పకపకా నవ్వి గుడ్డ బంతుల పెట్టె మూసేసింది. మంచి పిల్లే అనుకున్నాను.

నాయకుడు వచ్చేసరికి పాన్యా అలంకరణ గదిలో ఉంది. కెమెరా సరిచూసుకోవాలని ఆ అబ్బాయిని నిలబెట్టి, ఎదురుగా పాన్యా ఉండాల్సిన చోట ఒక కర్ర పెట్టి, పైన పసుపు టేపు అంటించారు. అతను ఆ టేపు వంక ప్రేమగా చూస్తూ, "నువ్వు పోయిన ఏడాది ఎందుకు రాలేదు?" అన్నాడు. కర్ర ఏం చెబుతుంది! మేమంతా నోళ్ళు నొక్కుకుని నవ్వాం. పోస్టరు మీద అతని పేరు కోల్ రే. ఏ ఊరి పేరో, ఏ జాతి పేరో. చూస్తే మాత్రం అచ్చం మా మోంగ్ పిల్లవాడే. గుండ్రటి చెంపలు, నిద్రలేచినట్టుండే కళ్ళు.

పని కాగానే అతను నేరుగా మా దగ్గరికి వచ్చి, రెండు చేతులూ జోడించి వంగి, కాలిఫోర్నియాలో ఫ్రెస్నో ఊరి మావాళ్ళ యాసలో, "నానమ్మా, అన్నం తిన్నారా?" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. మనిషి ఎదురుపడితే మావాళ్ళు మొదట అడిగే మాట ఒకటుంది. అది నా నోట్లోంచి తుమ్ములా వచ్చేసింది.

"ఏ ఇంటిపేరు నాయనా నీది?"

"షాంగ్, నానమ్మా. తూగేర్ షాంగ్. కోల్ రే కంపెనీవాళ్ళు పెట్టిన పేరు."

హాలులో నాణాల చప్పుడు ఆగిపోయింది.

మాలో ఒకే ఇంటిపేరున్న వాళ్ళంతా ఒక కడుపున పుట్టినట్టే. ఒకడు లావోస్ కొండల్లో పుట్టినా, ఇంకొకతె మిల్వాకీ ఆసుపత్రిలో పుట్టినా, అన్నాచెల్లెళ్ళే. ఒకరికొకరు బంతి విసరరు. విసరాలన్న ఆలోచన కూడా రాదు.

అప్పుడే పాన్యా అలంకరణ గది తలుపు తీసుకుని వచ్చింది. ఊదారంగు తలపాగా, నా అయిదు వందల కుచ్చులు, మెడలో వెండి. అంత అందంగా వచ్చిన పిల్లని చూసి ఒక్కరూ నవ్వలేదు.

చెర్‌పావ్ చా అనే పెద్దాయన మెల్లగా వంగి తన బంతి నేల మీద పెట్టాడు. పెళ్ళి మాటలు నడిపి, గుర్తుగా నల్ల గొడుగు పట్టుకొచ్చే మధ్యవర్తి ఆయన. నలభై ఏళ్ళలో ఈ ఊళ్ళో ఆయన గొడుగు లేకుండా జరిగిన మోంగ్ పెళ్ళి లేదు. ఆయన పెట్టగానే పక్కవాడు పెట్టాడు, ఆ పక్కావిడ పెట్టింది. నలభై బంతులూ నేల మీదికి దిగాయి. ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి హేజిన్ బూటుకి తగిలి ఆగింది.

"ఏమైంది?" అంది హేజిన్. "బ్రేకా?"

పాన్యాకి అర్థమైపోయింది. ఇంగ్లీషులో గబగబా చెప్పింది.

"కానీ వీళ్ళిద్దరికీ చుట్టరికం లేదుగా! ఇవాళే కలిశారుగా!" అంది హేజిన్.

"ఇవాళ కలిస్తే ఇవాళ్టి నుంచి అన్నాచెల్లెళ్ళు," అన్నాడు చెర్‌పావ్.

"తాతగారూ, ఇది సినిమా. నటన."

"నటనే. కాదనను. ఇన్నేళ్ళకి మొదటిసారి మా మొహాలు గోడంత ఎత్తున చూపిస్తున్నావు. దాంట్లోనే అన్నాచెల్లెళ్ళకి ప్రేమ అంటగట్టి చూపిస్తావా? వేరేవాళ్ళు తప్పు చూపిస్తే నవ్వుకుని ఊరుకున్నాం. ఇది మేమే నిలబడి చూపించే తప్పు. నా చేతులతో నేను చూపించను."

హేజిన్ పక్కకి వెళ్ళి ఫోనులో మాట్లాడింది. తిరిగొచ్చి కంపెనీవాళ్ళ మాట చెప్పింది. నాలుగింటికల్లా ఈ ఘట్టం కాకపోతే పాన్యాని తీసేసి లాస్ ఏంజెలెస్‌లో సిద్ధంగా ఉన్న ఇంకో అమ్మాయిని పెడతారట. అబ్బాయిని మాత్రం తీసేయరు, అతని బొమ్మ ఇప్పటికే పోస్టర్ల మీదికెక్కింది.

"ఆ అమ్మాయి మోంగేనా?" అన్నాను.

"కాదు," అంది హేజిన్ తలొంచుకుని. "నల్లజుట్టు ఉంది కదా, సరిపోతుందన్నారు."

గడియారం చూశాను. ఒంటిగంటన్నర.

తప్పు ఎవరిదంటారు? నాదే. నా నోరు. ఆ ఒక్క మాట అడక్కపోతే సాయంత్రానికి పని అయిపోయేది. ఇంటికెళ్ళి కోడిపులుసు తాగేవాళ్ళం. నా చేత్తో కుట్టిన పావడాలో నా మనవరాలు నిలబడి ఉంది, దాని వేషం నా నోటితోనే ఊడింది.

చూ నా చెవిలో, "ఒసే బ్లియా, పుట్టినప్పుడే నీ నాలుక మీద నిప్పు పెట్టాల్సింది," అంది.

పెద్దలంతా వేదిక కింద మెట్ల మీద కూర్చున్నారు. మా వాళ్ళకి ఏది జరిగినా కూర్చుని మాట్లాడనిదే తెగదు. ఒకాయన, "పోనీ అబ్బాయి వేరే పేరు చెప్పుకుంటే?" అన్నాడు. చెర్‌పావ్ ఆయన వంక చూశాడు, అంతే, ఆయన బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు. తూగేర్ మాత్రం ఒక మూల నిలబడి రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లు మూశాడు. అది నేను చూశాను. అప్పుడు పట్టించుకోలేదు.

పాన్యా వచ్చి చెర్‌పావ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కుచ్చులు నలుగుతాయే అని నా కళ్ళు వాటి మీదే ఉన్నాయి.

"తాతా, మీరన్నది తప్పని నేననను," అంది. "నేనూ షాంగ్ పిల్లనే. ఆ అబ్బాయి పేరు విన్నప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది. కానీ ఒక్కటి చెప్పండి. చిన్నప్పుడు బడిలో నాటకం వేస్తే నాకు ఎప్పుడూ చెట్టు వేషమే ఇచ్చేవాళ్ళు. మాటల్లేని చెట్టు. ఇంటికొచ్చి టీవీ పెడితే అందులో నాలాంటి పిల్ల లేదు. ఇవాళ నేను తప్పుకుంటే తప్పు జరగకుండా ఆగుతుందా? ఆగదు. మన పావడా కట్టుకుని ఎవరో నిలబడుతుంది. బంతి ఎటు పట్టుకోవాలో తెలియదు. జారిపోతే పాట పాడాలని తెలియదు. అప్పుడు మీ మనవరాళ్ళు చూసేది ఎవర్ని?"

పెద్దాయన మీసం సవరించుకున్నాడు. ఆయన మీసం మీద చెయ్యేస్తే అది కాదని కాదు, ఇంకా తేలలేదని.

అప్పుడు హేజిన్ వచ్చి, ఎవరూ పిలవకుండానే, మెట్ల మీద మా పక్కన కూర్చుంది.

"మా అమ్మమ్మ," అంది, పాన్యా దాన్ని మా భాషలో చెబుతూ ఉంది, "నేను కాలేజీలో ఒకబ్బాయిని ఇష్టపడితే మొదట అడిగింది అతని ఇంటిపేరు. తర్వాత ఆ ఇంటిపేరుకి మూలపురుషుడి ఊరేదని అడిగింది. రెండూ మావే. అమ్మమ్మ మూడు రోజులు అన్నం తినలేదు. మీరు బంతులు కింద పెట్టగానే ఆవిడ గుర్తొచ్చింది. మీరు కోపంగా ఉన్నారనుకుని ఆ మాట చెప్పలేదు. నన్ను క్షమించండి."

"మూడు రోజులేనా?" అన్నాడు చెర్‌పావ్. "మా అమ్మ అయితే వారం."

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో నా బుర్రలో దీపం వెలిగింది. పసుపు టేపు కర్ర!

"డైరెక్టరమ్మా," అన్నాను లేచి, "పొద్దున ఆ అబ్బాయి ఎవరితో మాట్లాడాడు?"

"ఎవరితోనూ కాదు. కర్రతో."

"సినిమాలో అది ఎవరితో మాట్లాడినట్టు కనిపిస్తుంది?"

"పాన్యాతో."

"మరి పాన్యా అక్కడ లేదుగా!"

"విడివిడిగా తీసి తర్వాత కలుపుతాం, నానమ్మా. ముందు అతని మొహం, తర్వాత ఈమె మొహం…" అంటూనే హేజిన్ ఆగిపోయింది. నోరు తెరుచుకుని నన్నే చూసింది.

"అయితే బంతి కూడా విడివిడిగానే విసరొచ్చుగా," అన్నాను. "వాడు వేరే ఇంటిపేరు వాళ్ళకి విసురుతాడు. ఇది వేరే ఇంటిపేరు వాళ్ళకి విసురుతుంది. ఒక షాంగ్ చేతిలోంచి ఇంకో షాంగ్ చేతిలోకి బంతి పోదు."

అందరూ చెర్‌పావ్ వంక చూశారు. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"కలిపేది కత్తెర," అన్నాడు చివరికి. "కత్తెరకి ఇంటిపేరు లేదు." లేచి, మోకాళ్ళు పటపటమంటుంటే వెళ్ళి తన బంతి తీసుకున్నాడు. "మువా ఆడపడుచా, మాట నీది, నోరు నీది. పని మాత్రం నా చేత చేయిస్తున్నావు. అమ్మాయికి ఎదురుగా నిలబడేది నేనే. చా ఇంటివాణ్ణి. అడ్డం లేదు."

మీరు అక్కడ ఉండాల్సింది! ముందు తూగేర్‌ని తీశారు. కెమెరా పక్కన, అతనికి ఎదురుగా, మా చూ వాంగ్ నిలబడింది. డెబ్భై ఒక్క ఏళ్ళు, ముందు పన్ను లేదు.

"ఏరా, అలా విసురుతావా? కోడికి గింజలు వేస్తున్నట్టు!" అంది.

"సరిగ్గా విసురుతాను నానమ్మా."

"నానమ్మేంట్రా! బంతి ఆటలో నానమ్మలుంటారా? ముప్పై ఏళ్ళు ముందొచ్చి ఉంటే నీ సంగతి చూసేదాన్ని."

"ముప్పై ఏళ్ళ ముందు నేను పుట్టలేదుగా!"

"అదే నువ్వు చేసిన తప్పు."

ఆ పిల్లవాడు తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుపోయేలా నవ్వాడు. కెమెరా వెనకున్నతను బొటనవేలు పైకెత్తాడు. సినిమాలో ఆ నవ్వు నా మనవరాలిని చూసి నవ్విన నవ్వు. మీకు మాత్రం నిజం తెలుసు.

తర్వాత పాన్యా వంతు. ఎదురుగా చెర్‌పావ్. మూడుసార్లు బంతి అటూ ఇటూ వెళ్ళింది. హేజిన్ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "బాగుంది, కానీ మొహంలో ఏదో తక్కువైంది," అంటుంది. గడియారం మూడుంపావు. నాలుగోసారి పాన్యా విసిరిన బంతి పెద్దాయన వేళ్ళ సందులోంచి జారి నేల మీద పడింది.

నలభై మందిమీ ఒక్కసారి అరిచాం. "పాట! పాట!"

కెమెరా వెనకున్నతను ఆపబోయాడు. హేజిన్ చెయ్యెత్తి ఆపొద్దంది.

ఆయన భార్య పోయి తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత ఆయన పెళ్ళిళ్ళలో మధ్యవర్తి మాటలు పలికాడు గాని, పాట అన్నది ఎవరూ వినలేదు. "అమ్మాయ్, ఇది నీకు కాదు," అన్నాడు గొంతు సవరించుకుని. "ఈ పాట అందుకునే మనిషి వేరే ఉంది. నువ్వు ఊరికే విను."

*ఈసారి పుడితే వాగునై పుడతాను, ఓ పిల్లా,*
*నీ ఇంటి వెదురు దోనెలో నీళ్ళనై వస్తాను.*
*నువ్వు కుండ పెట్టడం మరిచిన పూట*
*నీ గుమ్మం తడిపి, నవ్వుకుంటూ పోతాను.*

గొంతు రెండుచోట్ల విరిగింది. ఆయన ఆగలేదు. నేను ఆయన్ని చూడలేదు, పాన్యాని చూశాను. మొదట నవ్వింది. తర్వాత నవ్వు అలాగే ఉండి, కళ్ళు మెరిశాయి. ఎవరో తన కోసం ఎంతో దూరం నుంచి నడిచి వచ్చారని తెలిసినప్పుడు ఆడపిల్ల మొహం ఎలా ఉంటుందో, అలా ఉంది.

హేజిన్ "కట్" అనలేదు. చేత్తో సైగ చేసింది. హాలంతా నాణాలు ఒక్కసారిగా గలగలలాడాయి. మూడున్నర! చూ వాంగ్ వచ్చి నా వీపు మీద ఒక్కటి వేసి, "నిప్పు పెట్టలేదు, నయమే అయింది," అంది. హేజిన్ ఫోను తీసి ఎవరితోనో, "అమ్మాయిని మార్చేది లేదు," అని గట్టిగా చెప్పి పెట్టేసింది. పాన్యా నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. కుచ్చులు నలిగితే నలగనీ అనుకున్నాను.

అందరూ గిన్నెలు పట్టుకుని కోడిపులుసు దగ్గరికి చేరారు. నేను దొర్లిన బంతులు ఏరుతున్నాను. తూగేర్ వచ్చి నా పక్కన వంగి, ఒక్కొక్కటీ సంచిలో వేయసాగాడు.

"నానమ్మా, పొద్దున మీరడిగినప్పుడు కాగితం మీదున్న పేరు చెప్పాను," అన్నాడు మెల్లగా. "అప్పుడే ఇంకో మాట చెప్పాలనుకున్నాను. వేషం పోతుందని అబద్ధమాడుతున్నాడు అనుకుంటారని భయమేసింది."

"ఏం మాట నాయనా?"

"మా తాత షాంగ్ కాదు. క్యాంపులో ఒక షాంగ్ కుటుంబం జాబితాలో చనిపోయినవాడి చోటు మిగిలిందట. ఆ పేరుతో విమానం ఎక్కాడు. వెనక్కి పంపేస్తారని భయపడి ఈ దేశంలో ఎవరికీ చెప్పలేదు. పోయే ముందు నాకొక్కడికే చెప్పాడు. అసలు ఇంటిపేరు మువా అని."

చేతిలో బంతి చేతిలోనే ఉంది. ఈ దేశంలో మువాలందరినీ అడిగాను. షాంగ్‌లని అడగాలని నాకెలా తోస్తుంది?

ఈ పిల్లవాడు మువా అయితే, పాన్యాకి అన్న కాదు. మా పుట్టింటివాడు. బావ వరస. పులుసు గిన్నెతో పాన్యా మా వైపే వస్తోంది, ఆ పిల్లవాడి కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఇప్పుడు ఎదురుగా కర్రా లేదు, టేపూ లేదు.

"మీ తాతకి తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?" అన్నాను.

"ఒక చెల్లెలు ఉండేదట. క్యాంపులో బస్సెక్కించి, చెయ్యి ఊపి, మళ్ళీ చూడలేదట. రోజూ అన్నం ముందు ఆమె పేరు తలుచుకునేవాడు."

"ఏం పేరు నాయనా?"

అతను నోరు తెరిచాడు.

ఈ పూటకి అక్కడే ఆపుతాను. ఇంటికెళ్ళి ఇంతవరకూ గుర్తుపెట్టుకుని మీ పిల్లలకి చెప్పండి. ఇద్దరు షాంగ్‌ల నడుమ బంతి దాటలేదని చెప్పండి. చెర్‌పావ్ పాట నాలుగు వరసలూ చెప్పండి, ఒక్క మాటా మార్చకండి. ఆ పిల్లవాడు పలికిన పేరు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. అది నలుగురి నోటా పడేముందు, ఈ మొదటి సగం నలుగురికీ తెలిసి ఉండాలి. లేకపోతే వేషం కోసం ఆ పేరు మేమే పుట్టించామంటారు.